తోక తెగిన ఐదు

512 అని ముద్ర ఉన్న శృతిదండమూ, 480 అని ముద్ర ఉన్న శృతిదండమూ ఒకే గొంతుతో పలికాయి.

జూనియర్ మేడమ్ తన చెవుల్ని నమ్మలేదు. రెండింటినీ మళ్లీ రబ్బరు దిమ్మకేసి కొట్టి ఒకదాన్ని కుడి చెవి దగ్గర, రెండోదాన్ని ఎడమ చెవి దగ్గర పెట్టుకుంది. వేర్వేరు స్వరాలైతే ఒకదాన్నొకటి గీరుకుని గరగరలాడాలి. గరగర లేదు. ఒకే తల్లి పిల్లల్లా రెండూ కలిసి సన్నగా మూలిగి, కలిసే ఆగిపోయాయి.

"నేను చెప్పలేదా మేడమ్?" అంది ఎదురుగా స్టూలు మీద కూర్చున్న అమ్మాయి.

ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ దశాంశం అంటారు. ఏ కొలతైనా దశాంశం తర్వాత ఇంకో అంకె రాస్తేగాని కలం మూత పెట్టదు. గత వారం జూనియర్ మేడమ్ సున్నా వేసింది ఆ అమ్మాయికే.

సంగతి చిన్నదే. రెండో సంవత్సరం బీఎస్సీ ఫిజిక్స్ గ్రూపుకి ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. చెక్కపెట్టె మీద బిగించిన తీగకి బరువు వేలాడదీస్తారు. శృతిదండాన్ని మోగించి దాని కాడను పెట్టె మీద ఆనిస్తారు. తీగ పొడవు సరిగ్గా కుదిరితే దాని మీద పెట్టిన కాగితం ముక్క ఎగిరిపడుతుంది. ఆ పొడవును బట్టి శృతిదండం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో లెక్క కట్టాలి. నలభై రెండు మంది పరీక్ష రాస్తే నలభై ఒక్కరికి 512 వచ్చింది. దశాంశానికి 480.2 వచ్చింది. శృతిదండం మీద ఇంత లావున 512 అని కొట్టి ఉన్నా, సరిదిద్దుకునే అవకాశం ఇచ్చినా, ఆ పిల్ల వినలేదు. "నాకొచ్చింది రాశాను మేడమ్" అని మూడుసార్లు అంది. మూడోసారి మేడమ్‌కి ఒళ్లు మండింది.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి మార్కుల జాబితా ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండాలి. అందులో ఆ సున్నా అలాగే ఉంటే దశాంశం ప్రాక్టికల్ తప్పినట్టు. మూడో ఏడు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేరాలన్న ఆశ అటుంచి, ఉన్న ఏడాదే పోతుంది. పొద్దున్నే వచ్చి ఆ పిల్ల ఒకటే మాట అంది: "ట్యూనింగ్ ఫోర్కుల పెట్టె తెరవండి. తప్పు నాదైతే సున్నా కింద నేనే సంతకం పెడతా."

తెరిచారు. ఫలితం చెవులారా విన్నారు.

"పెట్టె ఒకసారి ఇటు తిప్పండి మేడమ్," అంది దశాంశం.

మెత్తని గుడ్డ పరిచిన పెట్టెలో ఎనిమిది గాడులు. 256 అన్నిటికంటే పొడుగు. అక్కడి నుంచి 288, 320... మెట్లు దిగినట్టు ఒక్కొక్కటీ పొట్టిగా అవుతూ వస్తాయి. దశాంశం చివరి రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి స్కేలు ఆనించింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఏడో మెట్టు, ఎనిమిదో మెట్టు ఒకే ఎత్తు.

"ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా?" అంది మేడమ్ తనలో తాను.

"పెట్టెలో పెట్టి ఎవరిస్తారు మేడమ్? పరీక్షలో ఒక్క ఫోర్కే చేతికిస్తారు. దాని మీద నంబరు ఉంటుంది. జవాబు తెలిశాక లెక్క ఎవరు చేస్తారు? వెనక నుంచి వండుకుంటూ రావడమే. తీగ పొడవు 24.0 అని రాస్తే 512 వస్తుంది. అది సీనియర్ల రికార్డులో ఉంది, వాళ్ల సీనియర్ల రికార్డులో కూడా ఉంది. ఇప్పుడు కావాలంటే తీగ పెట్టి చూడండి, కాగితం ఎగిరేది 25.6 దగ్గర." ఆ పిల్ల ఊపిరి తీసుకుని, ఇంకేదో అనబోయి నాలుక కరుచుకుంది.

"చెప్పు. ఆగావేం?"

"మీరూ ఈ కాలేజీలోనే చదివారు కదా మేడమ్..."

జూనియర్ మేడమ్ కిటికీ వైపు చూసింది. పదేళ్ల కిందట ఇదే గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర, తను కూడా నీలం సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 24.0. ఇరవైకి ఇరవై వచ్చాయి. కాగితం ఎగిరిందో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

"ఎవరు నేర్పారు నీకు ఈ మొండితనం?" అంది, కోపంగా అందామనుకుంది గాని కోపం రాలేదు.

"మా అమ్మ టైలరు మేడమ్. కొలత తప్పు రాసుకుంటే ఎంత చక్కగా కుట్టినా చొక్కా ఒంటికి పట్టదంటుంది. చిన్నప్పుడు టేపుతో వీపు మీద కొట్టి మరీ నేర్పింది."

మేడమ్ నవ్వింది. అంతలోనే మార్కుల జాబితా గుర్తొచ్చింది. ఈ పిల్ల సున్నా తుడవాలంటే కారణం రాయాలి. శృతిదండం దొంగదని రాయాలి. శృతిదండం దొంగదైతే దాంతో 512 తెచ్చిన నలభై ఒక్కరూ రీడింగులు వండినట్టే. ఒక్క సున్నా తుడిస్తే నలభై ఒక్క ఇరవైలు కూలతాయి. తుడవకపోతే, నిజం రాసిన ఒకే ఒక్క పిల్ల మునుగుతుంది.

"క్యాంటీన్‌కి వెళ్లి ఏదైనా తిను. నాలుగింటి లోపల నేనే పిలుస్తాను. ఎవరికీ చెప్పకు."

"చెప్తే నమ్మేదెవరు మేడమ్? క్లాసంతా 512 వైపు ఉంది. నేనొక్కదాన్నే 480.2 వైపు."

"ఆ పాయింటు రెండు వదలవా?"

"అది నాకొచ్చింది మేడమ్," అని ఆ పిల్ల తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

మేడమ్ దొంగ శృతిదండాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. మిగతా ఏడింటి మీదా అంకెలు ఫ్యాక్టరీలో అచ్చు వేసినట్టు నిటారుగా ఉన్నాయి. దీని మీద అంకెలు కాస్త లోతుగా, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. చుట్టూ సన్నని ఆకురాయి గీతలు. ఎవరో పాత అంకెలు అరగదీసి కొత్తవి సుత్తితో కొట్టారు. 5కి కింద ఒంపు తిరగాల్సిన చోట తిరగలేదు. కొస తెగిపోయింది.

తోక తెగిన ఐదు.

* * *

ల్యాబు వెనక స్టోరు గదిలో స్టోరు బాబాయ్ బీరువా కీలుకి నూనె పెడుతున్నాడు. పక్క బ్లాకులో కంప్యూటర్ల గ్రూపు వాళ్లకి చల్లటి గదులు, తిరిగే కుర్చీలు వచ్చాయి. ఫిజిక్స్ వాళ్లకి మాత్రం ముప్పై ఏళ్లుగా ఈ బాబాయే ఉన్నాడు. జూనియర్ మేడమ్ పాకే వయసులో ఈ గది గచ్చు మీద ఇనుప గోళీలతో ఆడుకుంది. ఇప్పటికీ ఆయన ఆమెను మేడమ్ అని పిలిచేది పదిమందిలోనే.

"బాబాయ్, ఫోర్కుల పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర కాకపోతే నీ అత్తగారి దగ్గరుంటుందా?"

"నాకు అత్తగారు లేరు."

"అందుకే నా దగ్గరుంది."

ఆమె శృతిదండాన్ని ఆయన చేతిలో పెట్టింది. బాబాయ్ దాన్ని చూడను కూడా చూడలేదు. అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, నూనెగుడ్డతో మెల్లగా తుడిచాడు. నవ్వు ముఖం నుంచి జారిపోయింది.

"తెలిసిపోయిందన్నమాట," అన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"వారం వారం తుడిచేవాణ్ని, చేతికి తెలియదా అమ్మాయ్? ఏడోదీ ఎనిమిదోదీ ఒకే బరువు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"అడిగారా ఎవరైనా? అటెండరు చెప్తే అది రీడింగ్ అవుతుందా ఈ కాలేజీలో?"

మేడమ్‌కి చెంప ఛెళ్లుమన్నట్టయింది. అయినా వదల్లేదు. "తాళం నీ దగ్గరుంటే మార్చింది కూడా నువ్వే అంటారు బాబాయ్. ఎంక్వైరీ అంటూ వేస్తే ముందు పోయేది నీ ఉద్యోగం."

"పోతే పోనీ. మోకాళ్లు కూడా అదే అంటున్నాయి."

"హాస్యం కాదు. ఈ అంకెలు కొట్టిన ఇనుప పంచులు ఎక్కడివి?"

బాబాయ్ కీలుకి ఇంకో చుక్క నూనె వేశాడు. "వర్క్‌షాపులో ఉండేవి, చిన్న చెక్కపెట్టెలో. సున్నా నుంచి తొమ్మిది దాకా. ఐదు కింద పడి అంచు విరిగింది. తర్వాత ఆ పెట్టే కనపడలేదు."

"ఎవరు తీసుకెళ్లారు?"

ఆయన నూనెగుడ్డ మడతపెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"ఒంటిగంట దాటింది. వెళ్లి డబ్బా తెరువమ్మా," అన్నాడు. "చల్లారిపోతుంది."

అన్నం తినమన్న మాటకి అంత బరువు ఎందుకో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

స్టాఫ్ రూములో ఎవరూ లేరు. బల్ల మీద ఆమె స్టీలు డబ్బా. ఒకటో తరగతి నుంచి అదే డబ్బా. పక్కన నొక్కు పడింది, మూత వదులైంది, అయినా పారేయబుద్ధి కాలేదు. మూత మీద అంకెలు. స్కూల్లో ఆమె రోల్ నంబరు.

25.

మూత తీయబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రెండు మామూలుగానే ఉంది. ఐదుకి తోక లేదు.

స్కూలుకి వెళ్లబోయే ముందురోజు సాయంత్రం గడప దగ్గర గొంతుక్కూర్చుని, పెదవి కొరుక్కుంటూ, సుత్తితో ఠక్ ఠక్‌మని అంకెలు కొట్టిన మనిషి కళ్ల ముందు మెదిలాడు. "పేరు రాస్తే చెరిగిపోతుంది అమ్మలూ, అంకె కొడితే చెరగదు," అని మురిసిపోయాడు ఆ మనిషి.

ఆమె ఆ పూట అన్నం తినలేదు.

* * *

ఫిజిక్స్ శాఖ అధిపతి గది. తలుపు మీద బోర్డుంది గాని ఆ హోదాతో ఆయన్ని ఎవరూ పిలవరు. పిల్లల దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ పెద్దసారే. చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. పాత విద్యార్థులు సన్మానానికి ఇప్పటినుంచే హాలు వెతుకుతున్నారు.

తండ్రీకూతుళ్లకి ఒక ఒప్పందం ఉంది. కాలేజీ గేటు బయట నాన్న, గేటు లోపల సార్. ఏడేళ్ల ఉద్యోగంలో జూనియర్ మేడమ్ ఒక్కసారి కూడా ఆ గీత దాటలేదు.

గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. పెద్దసారు మార్కుల జాబితా ముందు పెట్టుకుని కలం మూత తీస్తున్నారు.

"రండి మేడమ్ గారూ. మీ కోసమే చూస్తున్నా. ఇదేమిటి, ఒకరికి సున్నా వేశారు? మన డిపార్ట్‌మెంటులో సున్నా చూసి చాలా కాలమైంది. అసలు ఏం రాసిందా పిల్ల?"

ఆమె బల్ల మీద శృతిదండం పెట్టింది. దాని పక్కన డబ్బా మూత పెట్టింది.

"మూత తెచ్చారు, డబ్బా ఏదీ? నాకేమీ మిగల్చలేదా?" అంటూ నవ్వబోయి, ఆగారు. ఆయన చూపు ఒక ఐదు మీది నుంచి ఇంకో ఐదు మీదికి వెళ్లింది. కలం మూత మెల్లగా మళ్లీ పెట్టేశారు.

"480.2 అని రాసింది నాన్నా," అంది ఆమె.

గేటు లోపల ఆ మాట మొదటిసారి వినబడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"పాయింటు రెండు కూడా రాసిందా?" అన్నారు పెద్దసారు. గొంతులో భయం లేదు. సంతోషం లాంటిది ఏదో ఉంది. అది చూసి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"నవ్వొస్తోందా నీకు? ఆ పిల్లకి ఏడాది పోతోంది. సున్నా వేసింది నేను! 'ఫోర్కు మీద నంబరు కనపడటం లేదా, కళ్లు లేవా' అని నలభై మంది ముందు తిట్టింది నేను! బాబాయ్ మీద అనుమానపడింది నేను! వాడెవడో దొంగ అనుకుని పొద్దుట్నుంచి కాలేజీ అంతా తిరిగాను. తీరా చూస్తే దొంగ రోజూ స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని నన్ను కాలేజీకి తెస్తున్నాడు!"

"నెమ్మది అమ్మలూ. బయట పిల్లలు..."

"విననీ! నేను కూడా 512 రాశాను. నా రికార్డు దిద్దింది నువ్వే. వండానని తెలిసి కూడా ఇరవైకి ఇరవై వేశావు. ఎందుకు వేశావు?"

పెద్దసారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. జేబులో సుద్దముక్క తీసి వేళ్ల మధ్య తిప్పారు. అది రెండుగా విరిగింది.

"ఆ రోజు నేను అన్నం తినలేదు," అన్నారు. "మీ అమ్మ అజీర్తి అనుకుని వాము నమిలించింది. నమిలాను. నువ్వు వండావని నీకు చెప్పాలంటే నేనేం చేశానో ముందు చెప్పాలి. అది చెప్పే దమ్ము లేక ఇరవై వేశాను. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు."

ఆయన వెనక్కి తిరిగి బీరువా కింది అర తెరిచారు. పాత ప్రశ్నపత్రాల కట్ట కింది నుంచి చిన్న చెక్కపెట్టె ఒకటి, పసిపిల్లల గుడ్డలో చుట్టిన వస్తువు ఒకటి తీశారు. గుడ్డ విప్పారు. లోపల ఇంకో శృతిదండం. బల్ల మీది దానికంటే కాస్త పొట్టి. 512. అంకెలు నిటారుగా ఉన్నాయి. ఐదుకి తోక ఉంది.

ఆయన దాన్ని మోకాలికేసి కొట్టి, కాడను బల్ల చెక్కకి ఆనించారు.

గది నిండా ఒక స్వరం పరుచుకుంది. జూనియర్ మేడమ్ కోపంగా ఏదో అనబోయి మరిచిపోయింది. ఆ మోత ఆమెకి తెలుసు. ఎక్కడ విన్నదో తెలియదు, ఎప్పుడు విన్నదో తెలియదు. మెడ నరాలు వదులయ్యాయి. కళ్లు వాటంతటవే మూతపడబోయాయి.

"గుర్తుపట్టావు," అన్నారు పెద్దసారు. "నాకు తెలుసు, గుర్తుపడతావని."

ఆమె కుర్చీలో కూలబడింది. "చెప్పు," అంది. "మొత్తం చెప్పు."

తలుపు చప్పుడైంది. బయటి నుంచి ప్యూన్ గొంతు: "సార్, ప్రిన్సిపాల్ గారు జాబితా అడుగుతున్నారు. ముందే పంపేయమన్నారు."

"ఐదు నిమిషాలు," అన్నారు పెద్దసారు. "దాంతోపాటు ఇంకో కాగితం కూడా వస్తుంది, ఆగమను."

"నాన్నా, ఆ కాగితం వెళ్తే మరి మిగతా నలభై ఒక్కరూ?"

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. సొరుగులోంచి రికార్డు కాగితం ఒకటి తీశారు. ఒకవైపు గీతలు, ఒకవైపు తెలుపు. ముప్పై ఏళ్లుగా ఆయన పిల్లలకి చెప్పేది ఒకటే: ఏం చేసినా పద్ధతిగా రాయండి, శీర్షికలు తప్పకండి. ఆ పద్ధతిలోనే రాయడం మొదలుపెట్టారు. రాస్తూ ప్రతి మాటా పైకి చదివారు, డిక్టేషన్ చెప్పినట్టు, తడబడకుండా.

"లక్ష్యం. మూడు నెలల నా కూతురికి జ్వరం. పదకొండు రోజులు ఏడుపు ఆపలేదు. దాన్ని నిద్రపుచ్చడం.

పరికరాలు. కాలేజీ శృతిదండం, 512, ఒకటి. ఉయ్యాల, ఒకటి. పాత విరిగిన సెట్టులో మిగిలిన 480 శృతిదండం, ఒకటి. ఆకురాయి, సుత్తి, వర్క్‌షాపు పంచులు.

చేసిన విధానం. శనివారం అడక్కుండా శృతిదండం ఇంటికి తీసుకెళ్లాను. మోగించి ఉయ్యాల కర్రకి ఆనిస్తే పిల్ల ఏడుపు ఆపి నిద్రపోయింది. సోమవారం తిరిగి తేవాలి, తేలేకపోయాను. మంగళవారం స్టాకు తనిఖీ. నాది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. 480 అరగదీసి 512 కొట్టాను. ఒక్క వారం కోసం అనుకున్నాను.

పరిశీలనలు. ఆ వారంలోనే ఒక బ్యాచి మొత్తం ఆ దొంగదాంతో ప్రయోగం చేసి 512 తెచ్చింది. నేను నివ్వెరపోయాను. ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు ఒప్పుకుందాం అనుకుని అసలుది తిరిగి పెట్టలేదు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ ఇరవై తొమ్మిదేళ్లు గడిపాను. పిల్లల్ని పరీక్షిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, భయపడ్డాను.

తీసుకోవలసిన జాగ్రత్తలు. ఒక్కటీ తీసుకోలేదు. తోక తెగిన పంచుతోనే కూతురి డబ్బా మీద కూడా కొట్టాను."

ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చివరి శీర్షిక కింద స్కేలుతో గీత గీశారు.

"ఫలితం. శృతిదండం పౌనఃపున్యం 480. కొలిచి చెప్పింది రెండో సంవత్సరం విద్యార్థిని. మార్చింది నేను. దాచింది నేను. ఆ సున్నా నాకు వేయండి."